డిగ్రీ పిల్లలల్ల నాయకత్వం ఎట్ల పెంచాలె? రెండ్రోజుల వర్క్‌షాప్‌తోని అయితదా?

ప్రశ్న: దేవరకొండ లెక్చరర్

అందరికి నమస్తే. నేను దేవరకొండ దిక్కు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీల పొలిటికల్ సైన్స్ చెప్త. ఈ ఏడాది ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్ బాధ్యత గూడ నాకే ఇచ్చిన్రు. పిల్లలల్ల నాయకత్వ లక్షణాలు పెంచేటట్టు ఏదన్న పెట్టమని ప్రిన్సిపాల్ సార్ అన్నరు. పట్నం నుంచి ఒక స్పీకర్‌ను పిలిచి రెండ్రోజుల వర్క్‌షాప్ చేద్దామని స్టాఫ్ మీటింగుల మాట నడుస్తున్నది.

అసొంటి వర్క్‌షాపులల్ల నేను చదువుకునేటప్పుడు గూడ కూసున్న. ఆ పూట రక్తం ఉడుకుతది, ఏదో చేసెయ్యాలె అనిపిస్తది. మూడో రోజు ఎవరి బస్సు వాళ్లు ఎక్కి పోతరు. అది స్పీకర్ల తప్పు గాదు. విన్నది చేసి చూసుకునే జాగ కాలేజీల లేకపోతే ఎవరు చెప్పినా అంతే.

మా పిల్లల సంగతి చెప్పాలె. సగానికి పైన చందంపేట, నేరేడుగొమ్ము, డిండి దిక్కు తండాల నుంచి వస్తరు. ఇంట్ల లంబాడి మాట, క్లాసుల తెలుగు, పుస్తకంల ఇంగ్లీషు. 2023 డిసెంబరుల మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి మా ఆడపిల్లల హాజరు మంచిగైంది. కని సాయంత్రం బస్సు తప్పితే ఆటోల పోవాలె, ఇంట్ల ఒప్పుకోరు. అందుకే కాలేజీ అయినంక ఏది పెట్టినా వాళ్లు ఉండరు. పత్తి ఏరే రోజులల్ల బెంచీలు సగం ఖాళీగ ఉంటయి.

ఒక్క ముచ్చట చెప్త. మొన్న ఫ్రెషర్స్ డే చేసుకున్నరు. బి.ఏ. సెకండియర్ల ఒక అమ్మాయి ఉన్నది, తండా పిల్ల. చందా వసూలు ఆమెనే చేసింది. ఎవరిచ్చిన్రో, ఎవరియ్యలేదో నోట్‌బుక్కుల రాసుకున్నది. ఇయ్యలేనోళ్ల పేర్లు మాత్రం ఎవ్వరికీ చూపియ్యలే. టెంట్ హౌజాయన కుర్చీల ధర చెప్తే, 'వాపస్ మేమే తెచ్చి వేస్తం, ట్రాలీ కిరాయి తీసెయ్యన్నా' అని తగ్గిపిచ్చింది. మొగులు చూసి, వానొచ్చినా తడవకుండ షామియానా వరండాకు ఆనిచ్చి కట్టిపిచ్చింది. ప్రోగ్రాం మొదలైనంక మైకు ఒక పిలగాని చేతిలకు పోయింది. ఆఖర్ల 'నువ్వొచ్చి నాలుగు మాటలు మాట్లాడమ్మా' అంటే వంట గిన్నెల దగ్గరికి పోయి నిలబడ్డది. మా స్టాఫ్ అందరి లెక్కల ఆ పిలగాడే లీడర్.

ఆ పిలగాడు చెడ్డోడు గాదు. మంచిగ మాట్లాడుతడు, పదిమందిని నవ్విస్తడు. కని పని ఎట్ల అయితదో ఆయనకు తెల్వదు, ఆమెకు తెలుసు.

ఆమెసొంటోళ్లను ముందుకు ఎట్ల తేవాలె? ఆ పిలగానికి పని ఎట్ల అలవాటు చెయ్యాలె? బస్సు టైముకు అడ్డం రాకుండ, పెద్ద ఖర్చు లేకుండ ఏం చేస్తే నిజంగ ఫలితం కనబడ్డదో, చేసి చూసినోళ్లు చెప్పండి. పుస్తకాలల్ల ఉన్నయి నేను చదువుకుంట.

జవాబు: పాలమూరు రిటైర్డ్ లెక్చరర్

తమ్ముడూ, నీ ప్రశ్నలనే సగం జవాబు ఉన్నది. ఆ అమ్మాయి చేసిన పనిని నువ్వు కళ్లతోటి చూసి, ఒక్కొక్కటి గుర్తుపెట్టుకొని రాసినవు. పిల్లల్ని అట్ల చూసే మనిషి కాలేజీలో ఒక్కరుంటే చాలా మార్పు వస్తది.

నేను మహబూబ్‌నగర్ జిల్లా కాలేజీల్లో కామర్స్ చెప్పి రిటైర్ అయిన. ఎన్.ఎస్.ఎస్. బాధ్యత ఎక్కువ కాలం నా దగ్గరనే ఉండె. 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన పథకమది. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత తీసుకున్న ఊర్లో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అని నియమం ఉన్నది. ఏడు రోజులు పిల్లలు ఒక ఊర్లో కలిసి ఉండి, వండుకొని, పని చేసే అవకాశం నీ చేతిలో ఉన్నది. ముందు దాన్ని సరిగ్గ వాడుకో.

చాలా శిబిరాల్లో ఏమైతదంటే, ప్రోగ్రాం ఆఫీసరే బియ్యం కొంటడు, ఆయనే సర్పంచ్‌తో మాట్లాడుతడు, ఆయనే పని పంచుతడు. పిల్లలు చీపుర్లు పట్టి రోడ్లు ఊడుస్తరు, మొక్కలు నాటుతరు, సాయంత్రం పాటలు పాడుతరు. ఆ ఏడు రోజుల్లో నాయకత్వం నేర్చుకునేది ఆఫీసర్ ఒక్కడే. నేను రెండు పనులు పిల్లలకు అప్పజెప్పిన. ఒకటి, పైసల డబ్బా. రెండు, ఆ రోజు పనికి పెద్ద ఎవరనేది. రోజుకొకరు పెద్ద. పొద్దున పని పంచేది వాళ్లే, రాత్రి అందరి ముందర ఖర్చు చదివేది వాళ్లే. వంకాయలు ఎంత, నూనె ఎంత, మిగిలింది ఎంత. లెక్క తప్పితే పక్కోడు అక్కడనే పట్టుకుంటడు. అన్నం మాడితే మాడనియ్యాలె. నువ్వు లేచి గంటె పట్టుకున్నవంటే రేపటి నుంచి ప్రతిదానికీ నీ మొఖమే చూస్తరు. కుర్చీలో కూసోని నోరు కట్టుకొనుడు ప్రోగ్రాం ఆఫీసర్‌కు అన్నిటికంటె కష్టమైన పని, నిజంగ చెప్తున్న.

కోస్గి దిక్కు ఒక ఊర్లో శిబిరం పెట్టినప్పటి సంగతి చెప్త. ఎండాకాలం ముంగట. ఆ ఊర్లో వీధికి కొన్ని ఇండ్లు తాళాలేసి ఉండె. ఉన్న ఇండ్లల్లో ముసలోళ్లు, చిన్నపిల్లలు. కాపురాలన్నీ బొంబాయి, పుణె దిక్కు పనికి పోయినయి. వలస మీద సర్వే చేద్దామని పిల్లలు ఫారం తయారు చేసుకున్నరు. కుటుంబ సభ్యులెందరు, ఎంతమంది వలస పోయిన్రు, ఎక్కడికి, నెల ఆదాయమెంత: ఇట్ల గడులు గీసుకున్నరు. మొదటి రోజు ఎవ్వరూ సరిగ్గ చెప్పలే. ఫారం చూడంగనే అప్పు వసూలుకు వచ్చిన్రనో, రేషన్ కార్డు తీసేస్తరనో భయం. ఒక ముసలమ్మ తలుపు సగం తెరిచి మళ్ల వేసుకున్నది.

మా దగ్గర బి.కాం. పిలగాడు ఒకడు ఉండె. క్లాసులో లేపి అడిగినా నోరు తెరవని మనిషి. ఆయన ఆ ముసలమ్మ ఇంటి అరుగు మీద కూసున్నడు. ఫారం సంచిలో పెట్టేసిండు. 'పెద్దమ్మా, మీ కొడుకు ఏ మేస్త్రీ దిక్కు పోయిండు?' అన్నడు. ఆ ఒక్క మాటకు ఆమె తలుపు పూర్తిగ తెరిచింది. కూలీలను పనికి తోలుకపోయే గుంపు మేస్త్రీ ఎంత అడ్వాన్సు ఇచ్చిండు, అది దేనికి ఖర్చైంది, కోడలు పోయిందా, మనవరాలు బడికి పోతున్నదా, అన్నీ చెప్పింది. ఆ పిలగాని తండ్రి గూడ అట్ల పోయి వచ్చిన మనిషేనని మాకు ఆనాడు తెలిసింది.

ఆ రాత్రి మీటింగులో పిల్లలే ఆయన్ని చుట్టుకున్నరు. ఎట్ల అడగాలె, ముందు ఏమడగాలె అని. ఆయన ఫారం మొత్తం తిరగరాసిండు. ఆదాయం గడి ఆఖరుకు పోయింది, మేస్త్రీ, అడ్వాన్సు ముందుకొచ్చినయి. తెల్లారి ఏ వాడకు ఎవరు పోవాలెనో ఆయనే చెప్పిండు. అందరూ విన్నరు, మంచిగ మాట్లాడే పిల్లలు గూడ విన్నరు. ఆయనకు మేం ఏ పదవీ ఇయ్యలే. పని అసుంటిది దొరికింది, దాని గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవ్వరికీ తెల్వదు.

అందుకే నీకు చెప్పేది: మీ తండా పిల్లలకు తెలిసిన సంగతి మీద పని పెట్టు. మీ జిల్లాలో ఫ్లోరైడ్ ఉన్నది. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఎన్ని తరాలు నడుములు వంగిపోయినయో నీకు చెప్పే పనిలేదు. తాగే నీళ్లల్లో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి. పిల్లలు ఎవరి తండాలో వాళ్లు, బోరు నీళ్లు తాగే ఇండ్లెన్ని, నల్లా నీళ్లు వాడే ఇండ్లెన్ని, నల్లా ఉన్నా బోరే ఎందుకు తాగుతున్నరు అని అడిగి రాసుకు రానియ్యి. లంబాడిలో అడగనియ్యి. బస్సు టైముతో పేచీ లేదు, వాళ్ల ఇంటికాడి పనే. తరువాత ఆ రాసినది పంచాయతీలో చదివి వినిపించే బాధ్యత మీ అమ్మాయికి ఇయ్యి. తను సొంతంగ తెలుసుకున్నది చెప్పేటప్పుడు మనిషి గొంతు వేరే ఉంటది.

ఇంకొక సంగతి గూడ మీ పిల్లలకు చెప్పు. నిజాం ఏలుబడిలో తెలుగోళ్లు పెట్టుకున్న సంఘం ఆంధ్ర మహాసభ. 1931లో దాని రెండో సభ జరిగింది మీ దేవరకొండలనే. అధ్యక్షత వహించింది మా పాలమూరు జిల్లా నుంచి వచ్చిన బూర్గుల రామకృష్ణారావు గారు. సభ పెట్టుకోవాలంటే నిజాం సర్కారు అనుమతి కావాల్సిన కాలం. ఆ సభల్లో జనం ఉపన్యాసాలు విని ఇంటికి పోలే. తీర్మానాలు రాసుకున్నరు, వాటి మీద వాదులాడుకున్నరు, గ్రంథాలయాలు, బడులు నడుపుకున్నరు. ఆ బూర్గుల వారే 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన్రు. మన పిల్లలకు నాయకత్వం గురించి చెప్పాలంటే ఎక్కడెక్కడి కంపెనీ అధిపతుల కథలో అక్కర్లేదు.

జవాబు: ఎంజీయూ పీజీ విద్యార్థిని

సార్ నమస్తే. నేను నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీల పీజీ చేస్తున్న. మీరు చెప్పిన అమ్మాయి గురించి చదువుతుంటే డిగ్రీల నన్నే చూసినట్టయింది, అందుకే రాస్తున్న.

నేను డిగ్రీ చదివింది వేరే ఊర్ల. అక్కడ మా హాస్టల్ మెస్ డివైడింగ్ పద్ధతిల నడిచేది. నెలకు ఎంత ఖర్చైతే అంత పిల్లలందరి మీద పంచుడు. బిల్లు ఎందుకు పెరిగిందో ఎవ్వరికీ తెల్వది, అడిగితే కసురుకునేటోళ్లు. మెస్ కమిటీల ఉంటమని ఎవ్వరూ ముందుకు రాకపోతే నా పేరు రాసిన్రు. పొద్దుగాల చీకటితోనే కూరగాయల మార్కెట్‌కు పోవాలె. కాంటా మీద రాళ్లు చూడాలె, బియ్యం బస్తా తూకం చూడాలె, స్టాక్ రిజిస్టర్ల ఎక్కియ్యాలె. పప్పు ఎంత తీసిన్రో వంట అక్క దగ్గర సంతకం తీసుకోవాలె. మొదట ఆ అక్కలకు కోపం వచ్చింది, వాళ్లను దొంగలు అన్నట్టు అనిపించింది వాళ్లకు. వాళ్ల పక్కన కూసోని కూరగాయలు తరుగుకుంట మాట్లాడినంక సర్దుకున్నరు. ఇది ఏ వర్క్‌షాప్‌ల చెప్తరు సార్?

బతుకమ్మ సెలవులు అయినంక పెద్ద లొల్లి అయింది. ఊరికి పోయినోళ్లు మాకు బిల్లు తగ్గియ్యమన్నరు, ఉన్నోళ్లు మా మీద ఎందుకు పడాలె అన్నరు. నేను డైనింగ్ హాల్ల నల్లబోర్డు మీద లెక్క వేసి చూపిచ్చిన. నెల మొత్తం ఖర్చు ఒకదిక్కు, అందరి హాజరు రోజులు కలిపితే ఎంతో ఇంకోదిక్కు, దాన్ని దీంతోని భాగిస్తే ఒక్క రోజుకు ఎంత, ఎవరెన్ని రోజులు తిన్నరో అన్ని రోజుల పైసలు. ఒక సీనియర్ అక్క గట్టిగ ఒర్రింది. నేను గూడ గట్టిగనే చెప్పిన, రిజిస్టర్ తెరిచి ఆమె హాజరు ఆమెకే చూపిచ్చిన. అంతకుముందు నేను అంత పెద్దగ మాట్లాడింది లేదు.

అందుకని నా మాట ఒకటే సార్. ఆమెకు మైకు ఇచ్చి 'మాట్లాడు' అనకండి. ఫ్రెషర్స్ డే జమా ఖర్చు చదవమని అడగండి. చదువుతది. నోట్‌బుక్కు చేతిల ఉంటది గద.

మీ పిల్లలల్ల హాస్టళ్లల్ల ఉండేటోళ్లు గూడ ఉంటరు. 2024ల సర్కారు ఇంటర్ నుంచి పీజీ దాక హాస్టల్ పిల్లల మెస్ చార్జీలు నెలకు 1500 నుంచి 2100 చేసింది. అంటే రోజుకు 70 రూపాయలు. ఆ 70ల టిఫిను, రెండు పూటల అన్నం, గుడ్డు, పండు వచ్చేటట్టు వారం మెనూ వెయ్యమని ఒక గ్రూపుకు ఇయ్యండి. అంగట్ల ధరలు వాళ్లనే అడిగి రమ్మనండి. ఆ మైకు పిలగాన్ని ఆ గ్రూపుల వెయ్యండి సార్, ఉల్లిగడ్డ ధర కనుక్కొని రానియ్యండి.

ఇంకోటి. ఆడపిల్లను ఒక్కదాన్నే ఏ పనికీ పంపకండి, ఇద్దర్ని కలిపి పంపండి. ఒక్కతే పోతే ఊర్ల ఒక మాట అంటరు, ఇంట్ల చదువు బంద్ పెడతరు. మా మేడం ఒకామె మా నాయనకు ఫోన్ చేసి 'మీ బిడ్డ లెక్కల పని చేస్తున్నది, పేరు తెస్తది' అని చెప్పింది. ఆ ఫోన్ లేకపోతే నేను పీజీ దాక రాకపోదును.

జవాబు: నాగర్‌కర్నూల్ సీసీ

అన్నా, నేను సెర్ప్‌ల (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) సీసీగ, అంటే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గ పనిచేస్త, మహిళా పొదుపు సంఘాలు చూసుకుంట. మీరందరు కాలేజీ లోపల వెతుకుతున్నరు. మీ పిల్లల అమ్మలు ఏం చేస్తరో ఒక్కసారి చూడండి.

ఒక్కో సంఘంల పది నుంచి పదిహేను మంది ఉంటరు. మొదటి లీడర్, రెండో లీడర్ ఉంటరు. మీటింగు అంటే గుండ్రంగ కూసుంటరు, ఎవ్వరికీ కుర్చీ ఉండది. హాజరు, పోయిన మీటింగుల తీర్మానం చదువుడు, పొదుపు వసూలు, అప్పు కిస్తీలు, కొత్త అప్పు ఎవరికియ్యాలె అని చర్చ, ఆఖర్ల తీర్మానం పుస్తకంల రాసి అందరి సంతకాలు, సంతకం రానోళ్లవి వేలిముద్రలు. ఇద్దరికి అప్పు కావాలె, పైసలు ఒక్కరికే ఉన్నయి అనుకోండి. బిడ్డ పెండ్లి ఒకరిది, బర్రె ఇంకొకరిది. అక్కడ లీడర్ ఏం చేస్తదో చూడాలె మీ బి.ఏ. పిల్లలు. కిస్తీ కట్టని సభ్యురాలు సొంత తోడికోడలైతే ఆమెను అందరి ముందర ఎట్ల అడుగుతదో చూడాలె. లింకేజీ లోన్ (సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు) కోసం బ్యాంకు మేనేజర్ ముందర కూసోని మాట్లాడేది గూడ ఈ ఆడోళ్లే. చదువు ఐదో తరగతి దాటనోళ్లు శానమంది.

ఊర్ల సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం మీటింగుకు పిల్లలను తీసుకుపోండి. నలుగురైదుగురు చాలు, ఒక మూలకు కూసోని చూడనియ్యండి. తర్వాత కాలేజీల అదే పద్ధతిల గ్రూపులు పెట్టండి. పదిమందికి ఒక తీర్మానం పుస్తకం. లైబ్రరీ టైము గురించో, బాత్‌రూంల నీళ్ల గురించో, జిరాక్స్ పైసల గురించో తీర్మానం రాసి ప్రిన్సిపాల్ సార్‌కు ఇయ్యాలె, సార్ వాళ్లకు రాతల జవాబు ఇయ్యాలె. జవాబు రాకపోతే పిల్లలకు మీటింగు మీదనే మనసు విరుగుతది. లీడర్లను ప్రతి సెమిస్టర్‌కు మార్చండి. మా దగ్గర శాన సంఘాలల్ల ఏండ్ల తరబడి ఒక్కరే లీడర్‌గ ఉండి పోతరు, మిగతావాళ్లు పుస్తకం ముట్టుకోనే ముట్టుకోరు. అది మాకు పెద్ద తలనొప్పి, మీరు మొదట్నే జాగ్రత్త పడండి.

ఇంకొకటి, ఇది అన్నిటికంటె ముఖ్యం. 2018 చట్టంతోని 500 జనాభా దాటిన తండాలు గ్రామ పంచాయతీలైనయి. స్థానిక సంస్థలల్ల సగం సీట్లు ఆడవాళ్లవి. పోటీ చెయ్యనీకె 21 ఏండ్లు నిండితే చాలు. మీ ఫైనలియర్ అమ్మాయిలకు ఆ వయసు వచ్చినట్టే. ఆడోళ్లు సర్పంచ్ అయితే భర్త కూసునే ఊర్లు నేను రోజూ చూస్త. తీర్మానం ఎట్ల రాయాలెనో, జమా ఖర్చు ఎట్ల చదవాలెనో కాలేజీల నేర్చుకున్న పిల్ల అయితే ఆ కుర్చీ ఎవ్వరికీ ఇయ్యది.

జవాబు: నల్లగొండ అడ్వకేట్

పైన రాసిన వాటిలో ఒక్కదాన్నీ నేను కాదనను. కానీ అందరూ ఒక విషయాన్ని దాటేసి మాట్లాడుతున్నారు. వీటన్నిటిలోనూ బాధ్యత ఇచ్చేది లెక్చరర్, తీసేసుకునేది లెక్చరర్. తోటివాళ్ల ఓటు అడిగి, గెలిచి, మళ్లీ వాళ్లకే జవాబు చెప్పుకోవడం ఎక్కడుంది?

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎనభైల చివర్లో ఆగిపోయాయి. సరిగ్గా అదే సమయంలో, 61వ రాజ్యాంగ సవరణతో ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి దిగింది. ఎమ్మెల్యేను ఎన్నుకునే హక్కు ఉన్న విద్యార్థికి తన కాలేజీ ప్రతినిధిని ఎన్నుకునే హక్కు లేకుండా పోయింది. గొడవలు, డబ్బు, కులం అని కారణాలు చెబుతారు. వాటికి విరుగుడుగానే, విద్యార్థి ఎన్నికలు ఎలా జరగాలో చెప్పిన లింగ్డో కమిటీ సిఫార్సులు వచ్చాయి, 2006లో సుప్రీంకోర్టు వాటిని అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, 75 శాతం హాజరుండాలి, నామినేషన్ల నుంచి ఫలితాల దాకా 10 రోజుల్లో ముగియాలి. అచ్చు పోస్టర్లకు వీల్లేదు, చేత్తో రాసినవే పెట్టుకోవాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. మన పిల్లలకు ఎందుకు వద్దో నాకు ఎవరూ సరైన కారణం చెప్పలేదు.

అది వచ్చేదాకా, ఉన్న చోట్లనైనా నింపండి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ నిబంధనల ప్రకారం, కాలేజీ నాణ్యత చూసుకునే అంతర్గత విభాగం ఐక్యూఏసీలో విద్యార్థి ప్రతినిధి ఉండాలి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీలో, విద్యార్థులకు సంబంధించిన విషయమైతే ముగ్గురు విద్యార్థులు ఉండాలనీ, వాళ్లను ప్రజాస్వామిక పద్ధతిలో ఎన్నుకోవాలనీ యూజీసీ 2015 నిబంధనలు చెబుతున్నాయి. చాలా చోట్ల ఫైలులో పేరుంటుంది, ఆ పేరున్న విద్యార్థికి ఆ సంగతి తెలియదు. మీ కాలేజీలో ఆ పేర్లు ఎవరివో ముందు కనుక్కోండి. వాళ్లను మీటింగుకు పిలవండి, మినిట్స్ కాపీ చేతికివ్వండి. వాళ్లు ప్రశ్న అడిగితే అది రికార్డులో ఉండాలి.

పాలమూరు రిటైర్డ్ లెక్చరర్

వకీల్ సాబ్, ఎన్నికల సంగతి మీరన్నది నాకు సమ్మతమే. కాని సర్కారు ఉత్తర్వు వచ్చేదాక ఆగే పని లేదు. క్లాస్ రిప్రజెంటేటివ్‌ను మార్కుల లిస్టు చూసి లెక్చరర్ పెట్టుడు ఎక్కువ కాలేజీల్లో అలవాటు. దాన్ని రహస్య ఓటుకు మార్చడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. డబ్బా, చీటీలు, ఓటర్ల జాబితా, లెక్కింపు అన్నీ పిల్లలతోనే చేయించాలె. ఒక ఆడపిల్ల, ఒక మగపిలగాడు అని రెండు స్థానాలు పెడితే ఇంకా మంచిది. గెలిచినోళ్లు నెలకోసారి క్లాసు ముందర నిలబడి ఏం చేసిన్రో చెప్పాలె. ఆ నెలనెలా నిలబడుడు లేకపోతే ఓటు ఒక్కనాటి పండుగయి పోతది.

ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. లెక్చరర్ ఇచ్చిన బాధ్యత తక్కువది అన్నట్టు రాసిన్రు. కోస్గి దిక్కు నేను చెప్పిన పిలగాడు ఓటుకు నిలబడితే గెలిచేటోడు కాదు. ఆయన్ని ఎవ్వరూ ఎరగరు. పనిల చూసినంకనే తోటోళ్లకు ఆయన విలువ తెలిసింది. పని ముందు, ఓటు వెనుక.

దేవరకొండ లెక్చరర్

అందరికీ శనార్థులు. ఇంత ఓపికతోని రాస్తరనుకోలే. సీసీ అక్క రాసింది ప్రింట్ తీసి స్టాఫ్ రూంల పెట్టిన.

నిన్న ప్రిన్సిపాల్ సార్‌తోని కూసున్న. వర్క్‌షాప్ పూర్తిగ వద్దనలే సార్, ఒక పూటకు తగ్గిచ్చిన్రు. అది గూడ ముందు గాదు, ఎన్.ఎస్.ఎస్. శిబిరం అయినంక పెడుదమన్నరు. చేసినోళ్లకు అడగనీకె ప్రశ్నలుంటయి అని నేను చెప్తే ఒప్పుకున్నరు. శిబిరంల రోజుకొక పెద్ద, పైసల డబ్బా పిల్లల దగ్గర, రాత్రి లెక్క చదువుడు ఖాయం. ఐక్యూఏసీ ఫైలు తీపిచ్చిన. అండ్ల విద్యార్థి ప్రతినిధి కాలంల ఉన్న పేరు పోయినేడు పాసై పోయిన పిలగానిది. కొత్త పేరు ఓటుతోని పెట్టాలని అడిగిన, సార్ ఆలోచిస్త అన్నరు, నేను మళ్ల అడుగుత.

నీళ్ల సర్వే తండాల పిల్లలకు చెప్పిన. ఆ అమ్మాయిని, మైకు పిలగాన్ని ఒక్క గ్రూపుల వేసిన. ఏమేం అడగాలెనో లంబాడిల ఆమెనే రాస్తున్నది, తెలుగు లిపిల. ఫ్రెషర్స్ డే జమా ఖర్చు గూడ క్లాసుల చదివింది. మొదట తల వంచుకొని మొదలువెట్టింది. 'ట్రాలీ కిరాయి ఎందుకు లేదు' అని ఎవరో అడిగితే మాత్రం తలెత్తి జవాబు చెప్పింది. మా ఇంగ్లీషు మేడం అప్పుడు క్లాసులనే ఉన్నది, చూసింది.

సీసీ అక్కా, మీది నాగర్‌కర్నూల్ అన్నరు. దేవరకొండ, చందంపేట మండలాలల్ల గ్రామ సంఘం మీటింగులు ఏ తారీఖుల ఉంటయి, ముందుగ ఎవరిని అడగాలె, మండల సమాఖ్య ఆఫీసులనా, గ్రామ సంఘం పుస్తకాలు చూసే వీఓఏలనా? మధ్యాహ్నం పూట జరిగే మీటింగు అయితే నాలుగు గంటల బస్సుకు పిల్లలు వాపస్ పోగలుగుతరు. తెలిస్తే ఇక్కడనే రాయండి, శనివారం లోపల పిల్లల ఇండ్లకు ఫోన్లు చేసుకోవాలె నేను.